ధనమ్మత్త నోట గేదె మాటలు

మా ధనమ్మత్తకి చదువు రాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఆవిడ సంగతి ఎక్కడ ఎత్తుకున్నా "అవునూ, ఆవిడేమన్నా చదువుకున్నారా?" అని అడిగే మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. లేదండీ, వేలిముద్రే. అయితే ఏంటంట? తెనాలిలో హైస్కూలు పిల్లలకి తెలుగు చెప్పేదాన్ని నేను. గేదె అనే ఒక్క జంతువు గురించి ఆవిడ నోట్లో ఉన్న మాటల్లో పావు వంతు కూడా నాకు రావు. రావన్న సంగతి తెలియడానికి ముప్పై నాలుగేళ్ళు పట్టింది.

ఆవిడ మా నాన్నకి అక్క. మా పల్లె వేమూరు పక్కన, మురుగు కాలవ గట్టుకి దగ్గర్లో ఉంటుంది. నా చిన్నప్పుడే అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోతే, చర్చి వెనకాల తన తాటాకింట్లోకి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. అప్పటికే ఆవిడకి మొగుడు లేడు, పిల్లలు పుట్టలేదు. పగలంతా కూలి, తెల్లారితే సాయంత్రమైతే గేదె. ఆ గేదె పాలే నన్ను బడికి పంపాయి, గుంటూరులో కాలేజీకి పంపాయి, పండిత శిక్షణకీ పంపాయి. నేనేం చేశాను? హాస్టల్లో ఎవరన్నా "మీవాళ్ళేం చేస్తారు?" అంటే "వ్యవసాయం" అనేదాన్ని. గేదె మాట ఏనాడూ ఎత్తలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

2006లో బడులు తెరవగానే మా హెడ్మాస్టరు గారు ఒక పని పెట్టారు. టీచర్లంతా తలా ఒక వృత్తిలోని మాటలు పోగుచేసి, పిల్లల చేత గోడపత్రిక రాయించాలి. నేత, కమ్మరం, చేపల వేట, ఇవన్నీ నాకన్నా ముందే ఎవరెవరో తన్నుకుపోయారు. నాకు పాడి మిగిలింది. సరేలే అని నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. గేదె అంటే మహిషి అని ఉంది. మహిషి దగ్గరికి పోతే గేదె అనీ, పట్టపురాణి అనీ ఉంది. అర్థం దొరికింది గానీ గేదె అనే మాట ఎక్కడ పుట్టిందో ఆ పుస్తకం చెప్పలేదు.

స్టాఫ్‌రూములో అడిగితే తలొక మాటా చెప్పారు. సైన్సు చెప్పే కుమారి టీచరు మెట్టినిల్లు నల్గొండ. అక్కడ బర్రె అంటారట, ముద్దుగానే అంటారట. మన దగ్గర ఎవర్నన్నా బర్రె అని చూడండి, జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. సీమ వాళ్ళది ఎనుము. పాత కావ్యాల్లో ఉన్నదీ ఆ మాటే. కన్నడం వాళ్ళ ఎమ్మె, తమిళం వాళ్ళ ఎరుమై దానికి అక్కచెల్లెళ్ళు. ఇదంతా చక్కగా కాగితం మీద రాసుకుని, ఆదివారం మా ఊరు పోయి, పెద్ద పండితురాలిలాగా మా అత్త ముందు చదివాను.

ఆవిడ కుడితి కలుపుతోంది. చేతికంటిన తవుడు దులుపుకుంటూ విన్నది.

"పట్టపురాణా? మరి ఆ రాణిగారి పేడ ఎవరెత్తుతారంట?" అంది.

"అది కాదత్తా. గేదె అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? నీకేమన్నా తెలుసా?"

"మాట సంగతి నాకు తెలవదే. నా గేదె మాత్రం జంపని నుంచి వచ్చింది."

నవ్వి ఊరుకుందామనుకున్నాను. ఆవిడ ఊరుకోలేదు. మా పల్లెలో ఏ ఊరి నుంచి వచ్చిన కోడల్ని ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు, కొలకలూరామె, చేబ్రోలామె అని. మా అత్త తన గేదెలకీ అదే మర్యాద చేసేది. ఇదివరకటిది కొలకలూరు, దాని ముందుది దుగ్గిరాల. ఇప్పుడున్నదాన్ని పసికూనగా ఉన్నప్పుడు జంపనిలో చెరుకు రైతు దగ్గర కొన్నది కాబట్టి అది జంపని.

"ఇంకో సంగతి చెప్తా రాసుకో," అంది. "గేదె, గేదె అని ఎవరంటారో తెలుసా? దారినపోయేవాళ్ళు. కట్టేసుకున్నోళ్ళు అట్టా అనరు."

"మరేమంటారు?"

చెప్పడం మొదలుపెట్టింది. పుట్టింది ఆడదైతే పెయ్య, మగదైతే దున్న. పెయ్య ఎదిగి, మెడ నిండి, కొట్టంలో నిలవకుండా పలుపు తెంచుకునే వయసుకొస్తే అది పడ్డ. కట్టు నిలిచి కడుపున పడితే చూడి. మొదటిసారి మోస్తుంటే తొలిచూడి, దాని నడకే వేరు. ఈని పాలిస్తుంటే పాడి. ఈనిన నాటి పాలు ముర్రుపాలు, వాటితో జున్ను వండి ఇరుగుపొరుగుకి పంచాలి. దూడ మూతి తగలగానే పొదుగులోకి పాలు దిగితే చేపింది అంటారు. చేపని గేదె దగ్గర ఎంత గింజుకున్నా చుక్క రాలదు. పాలు ఆగిపోతే వట్టిపోయింది. పెన్ను పరిగెత్తించలేక నా వేళ్ళు నొప్పెట్టాయి.

"ఎప్పటికీ కట్టనిదాన్ని గొడ్డుగేదె అంటారు కదత్తా?" అన్నాను, పుస్తకం చూసుకుంటూ.

ఆవిడ చెయ్యి కుడితిలో ఆగింది. "ఊరోళ్ళు అంటారు. నా కొట్టంలో ఆ మాట అనరు. ఖాళీగా ఉందంటాం."

గొడ్రాలు అని ఆవిణ్ణి ఎంతమంది ఎన్నిసార్లు అన్నారో నేను చిన్నప్పుడు నా చెవులతో విన్నాను. ఆ మాట అక్కడికక్కడే కొట్టేశాను. ఆ గోడపత్రికలో ఇప్పటికీ అది లేదు.

ఆ అక్టోబరు ఆఖర్లో తుపాను పట్టుకుంది. మూడు రోజులు ఎడతెరిపి లేదు. కాలవ గట్టు తెగి, మిట్టమధ్యాహ్నం నీళ్ళు పల్లెలోకి వచ్చేశాయి. నీళ్ళొస్తే మావాళ్ళు మొదట చేసే పని కొడవలి తీసుకుని కొట్టంలోకి పరిగెత్తడం. ముడి విప్పుతూ కూర్చుంటే పని కాదు, తడిసిన పలుపు బిగుసుకుపోతుంది. కోసెయ్యాలి. గేదెకి ఈత వచ్చు, తాడు లేకపోతే ఎక్కడో ఒకచోట గట్టెక్కుతుంది. మా అత్త నడుం లోతు నీళ్ళలో నిలబడి జంపని పలుపు కోసి, వీపు మీద ఒక్కటి చరిచి పొమ్మంది. అప్పటికి అది ఏడు నెలల చూడి. తర్వాత మా అత్త చర్చి అరుగెక్కి కూర్చుంది.

నీళ్ళు తీశాక అందరి గొడ్లూ ఒకటొకటే ఇల్లు చేరాయి. జంపని రాలేదు.

నేను ఊరుకోకుండా నీతులు చెప్పాను. పోతే పోయింది, నా దగ్గరికి తెనాలి వచ్చెయ్, యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంకా ఎన్నాళ్ళు ఈ పేడా కసువూ అని. ఆవిడ నా మొహంలోకి చూసి, "మోకాళ్ళు పట్టేసి నాటుకి వంగలేకపోతున్నానే. నాకున్నది అదొక్కటే. నీ ఇంట్లో కూర్చుని నీ కూడు తినమంటావా?" అంది. "నీ కూడు నేను పదిహేనేళ్ళు తిన్లేదా" అన్నాను కోపంగా. "అప్పుడు నువ్వు పిల్లవి, నేను పెద్దదాన్ని. ఇప్పుడు కూడా నేను పెద్దదాన్నే" అంది. ఈ మనిషితో వాదించి గెలిచినవాడు వేమూరు మండలంలో లేడు.

వెతకడం మొదలుపెట్టింది. పని లేని రోజల్లా బస్సెక్కేది. బస్సు పోని ఊరికి నడిచేది. వరదలో కొట్టుకొచ్చిన గొడ్లు ఫలానా చోట ఉన్నాయని ఎవరన్నా అంటే చాలు, చద్ది మూట కట్టుకుని బయల్దేరేది. బందెలదొడ్లు చూసింది, రైతుల దొడ్లు చూసింది, మేతకి తోలుకుపోయే మందల వెనక నడిచింది. భట్టిప్రోలు, రేపల్లె, నిజాంపట్నం, ఆ పైన బాపట్ల దాకా పోయింది. ప్రతి గేదె దగ్గరికీ పోయి నుదురు నిమిరి, కాళ్ళు చూసి, పొదుగు చూసి, కాదని తిరిగొచ్చేది. నవంబరు, డిసెంబరు, క్రిస్మస్సు, కొత్త సంవత్సరం అన్నీ అలాగే వెళ్ళిపోయాయి.

ఫిబ్రవరి నడిమిలో ఒక శనివారం, నేను అన్నం తింటుంటే సెల్లు మోగింది. కాయిన్ బాక్సు నుంచి మా అత్త.

"నీరజా, జంపని దొరికిందే. ఈనింది గూడా. పెయ్య!" ఇంకో రూపాయి బిళ్ళ వేసిన చప్పుడైంది. "వాళ్ళు ఇయ్యనంటున్నారు. నేను అబద్ధాలకోరునంట."

చెయ్యి కడుక్కుని బస్సెక్కాను.

రేపల్లె రోడ్డులో ఆ ఊరు. పేరు రాయను, వాళ్ళు మంచివాళ్ళు, ఆ సంగతి మీకే తెలుస్తుంది. నేను పోయేసరికి మా అత్త పంచాయతీ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. చుట్టూ జనం. గేదె ఉన్నది అయాజ్ అనే ఆయన ఇంట్లో. రేపల్లెలో సైకిల్ షాపు ఉంది ఆయనకి, ముప్పై ఏళ్ళుంటాయి. వరదప్పుడు తన గేదె కూడా కొట్టుకుపోతే, నీళ్ళు తీసిన మర్నాడు గట్టు మీద నిలబడిన గొడ్ల మందలోంచి దీన్ని గుర్తుపట్టి, బురదలో రెండు మైళ్ళు తోలుకొచ్చాడట. ఊరంతా చూశారు, ఊరంతా మెచ్చుకున్నారు. నూటపది రోజుల తర్వాత ఎవరో ముసలామె వచ్చి అది నాది అంటే ఎవరికైనా ఎలా ఉంటుంది?

జనంలోంచి ఒకాయన అన్నాడు, "ఊరూరా తిరిగి, మంచి గేదె కనపడితే నాదనే రకాలు ఈ మధ్య ఎక్కువయ్యాయండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమండీ, మాటలు చూసుకుని మాట్లాడండి! ఎవర్ననుకుంటున్నారు?" అని లేచాను. మా అత్త నా చీర కొంగు పట్టి కూర్చోబెట్టింది.

సర్పంచి హైమావతి గారు కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చారు. నిదానస్తురాలు. ఇద్దరి మాటా విన్నారు. పోలీసులూ గీలీసులూ వద్దు, ఇక్కడే తేల్చుకుందాం, రుజువు చేసినవాళ్ళే తోలుకుపోతారు అన్నారు. మా అత్త వైపు తిరిగి, "రుజువు కాకపోతే అయాజుకి క్షమాపణ చెప్పి వెళ్ళిపోవాలమ్మా. మళ్ళీ ఈ ఊళ్ళో గేదె కోసం అడుగు పెట్టకూడదు. ఒప్పుకుంటావా?" అన్నారు.

"ఒప్పుకుంటానండి" అంది మా అత్త.

గేదెని తెచ్చి ఆఫీసు ముందు వేపచెట్టుకి కట్టేశారు. పక్కనే నల్లటి పెయ్య, ఇంకా కాళ్ళు నిలదొక్కుకోలేదు. మొదట సర్పంచి గారు అందరికీ తట్టే పనే చేయించారు. పేరు పెట్టి పిలవండి, ఎవరికి పలికితే వాళ్ళది అన్నారు. మా అత్త "జంపనీ" అని పిలిచింది. గేదె నెమరు వేస్తూ వేపచెట్టు వైపు చూస్తోంది. "జంపనీ! ఓసి జంపనీ!" చెవి కూడా ఆడించలేదు. అయాజ్ పిలిచాడు. తోకతో ఈగలు తోలుకుంది. జనం గొల్లుమన్నారు. నా మొహం చెల్లలేదు. ఆ గేదెని అప్పుడు అక్కడే తన్నాలనిపించింది.

మా అత్త మాత్రం కంగారు పడలేదు. "పలకదండి. కొత్త పెయ్యని పెట్టుకుని ఎవరికీ పలకదు," అంది. "నేను గేదెకి వీపు పెట్టి నిలబడతానండి. ఆ బాబునీ నిలబడమనండి. పుట్టిన కాణ్ణుంచి దాని సంగతి చెబుదాం. మీరు చూసుకోండి."

హైమావతి గారు సరేనన్నారు. ముందు అయాజ్ చెప్పాడు. "గేదె మంచిదండి. గేదె నల్లగా ఉంటది. కొమ్ములు... గేదెలకి ఎట్టా ఉంటాయో అట్టాగే ఉంటాయి." జనం నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది. "నేను పొద్దున్నే రేపల్లె పోతే చీకటి పడ్డాక వస్తానండి. కొట్టంలో పనంతా మా ఇంటామె చూసుకుంటది. గేదె అంటే గేదే, ఇంకేం చెప్పాలి?"

తర్వాత మా అత్త. తల మీద కొంగు సర్దుకుంది, గొంతు సవరించుకుంది. "పెయ్యగా ఉన్నప్పుడు చెరుకు తోటలో పడి, కొట్టేసిన చెరుకు మోడు గుచ్చుకుంది. ఎడమ వెనక కాలు, గిట్టకి జానెడు పైన మచ్చ." ఒకతను వంగి చూసి ఉందన్నాడు. "పడ్డగా ఉన్నప్పుడు పలుపుతో గుంజుకుని గుంజుకుని కుడి కొమ్ము మొదట్లో గాటు పడింది." అదీ ఉంది. "నుదుట ఒకటే సుడి, నడి నుదుట కాదు, కుడి కంటి వైపు జరిగి ఉంటది. తొలి ఈతలో దున్న పుట్టి నాలుగో రోజు పోయింది. పొదుగు వాచింది. అప్పట్నించి వెనక కుడి చన్నులో పాలు సన్నంగా వస్తాయి, దాన్ని ఆఖర్న పిండాలి. రెండో ఈతలో పెయ్య, దాన్ని కొలకలూరు వాళ్ళకి ఇచ్చేశా. ఇది మూడో ఈత. దూడని ఎడం పక్కనుంచి వదిలితే చేపుద్ది. కుడి పక్క వదిలావా, తన్నుద్ది."

పేరు పేరునా, వయసు వయసునా ఆ గేదె బతుకంతా ఆవిడ నోటి వెంట వస్తుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. నా గోడపత్రికలో అర్థాలు రాసుకున్న మాటలే అన్నీ. ఒక్కొక్క మాట వెనక ఇంత ఉందని అక్కడ నిలబడేదాకా నాకు తెలియదు. ఈవిడ మా అత్త అని గట్టిగా అరవాలనిపించింది.

అయినా ఇందాకటి పెద్దమనిషి వదల్లేదు. "పొద్దుట్నుంచీ గేదె చుట్టూ తిరిగి చూసిందిగా. మచ్చలు చూసి కథ అల్లుతోంది." నలుగురు అవునన్నారు. సర్పంచి గారు ఆలోచనలో పడ్డారు. అతని నోరు కుట్టెయ్యాలనిపించింది గానీ, న్యాయంగా చూస్తే అతనన్నదాంట్లో తప్పు లేదు. మచ్చలు కళ్ళున్నవాళ్ళందరికీ కనపడతాయి. పాలు చేపే సంగతి మాత్రం పిండినవాళ్ళకే తెలుస్తుంది. హైమావతి గారు తలెత్తి, "హుమేరా, ఇట్టా రా అమ్మా" అన్నారు.

అయాజ్ భార్య అప్పటిదాకా ఆఫీసు గోడ నీడన నిలబడి ఉంది. చంకలో నాలుగు నెలల పిల్ల. వరదప్పుడు తను కాన్పుకి తెనాలిలో వాళ్ళ అమ్మగారింట్లో ఉందట, పిల్లనెత్తుకుని డిసెంబరులో తిరిగొచ్చిందట. వచ్చి నిలబడింది. అయాజ్, "చెప్పు. ఎడం పక్కా కుడి పక్కా అని ఏదో అంటోందిగా, అదంతా ఉత్తదే అని చెప్పు" అన్నాడు. ఆ అమ్మాయి తల వంచుకుంది. ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ అమ్మాయి "కాదు" అంటే మా అత్త ఊరి ముందు దొంగ అవుతుంది, ఉన్న ఒక్క ఆధారం పోతుంది.

మా అత్త వెనక్కి తిరిగింది. ఆ అమ్మాయిని కిందనుంచి మీదదాకా చూసింది. నేననుకున్న ప్రశ్న ఆవిడ అడగలేదు.

"అమ్మాయ్, దీని సంగతి చెప్పమాక. నీ గేదె సంగతి చెప్పు."

హుమేరా చటుక్కున తలెత్తింది.

"నువ్వు కాన్పుకి పోకముందు నీ చేత్తో మేపిన గేదె. అదెట్టా ఉండేదో చెప్పు తల్లీ."

పిల్లని రెండో చంకకి మార్చుకుంది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. "మా అమ్మీ ఇచ్చింది పెద్దమ్మా. పెళ్ళప్పుడు. అప్పుడది పడ్డ. తెనాలి నుంచి ఇక్కడిదాకా నేనూ మా తమ్ముడూ తోలుకొచ్చాం." చెప్పేకొద్దీ గొంతు తేరుకుంది. "నుదుట రెండు సుళ్ళు, పక్కపక్కనే. ఎడం చెవి లోపల చిన్న చీలిక, తుమ్మకంప గీసుకుంది. రెండు ఈతలూ పెయ్యలే. నేను పోయేటప్పటికి మళ్ళీ నాలుగు నెలల చూడి. తవుడు తినదు, పత్తిగింజలు నానేసి పెడితేనే తింటది. పాలు పిండడానికి కూర్చుంటే ముందు నా భుజం మీద గడ్డం పెడతది. అట్టా కాసేపు పెట్టుకుంటేనే చేపుద్ది." అక్కడికి వచ్చేసరికి కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. "ఇది పెట్టదు పెద్దమ్మా. వచ్చిన రోజే తెలిసింది నాకు, ఇది మాది కాదని. మా ఆయన అంత కష్టపడి తోలుకొచ్చానని ఊరంతా చెప్పుకుంటున్నాడు. నాకేమో పాలు చాలవు, పిల్ల ఏడుస్తోంది. నోరు రాలేదు."

అయాజ్ నేల చూపులు చూస్తున్నాడు. పాపం, అబద్ధం ఆడినవాడు కాడు. తన గేదె అని నిజంగా నమ్మాడు. పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషికి అన్ని గేదెలూ ఒకలాగే ఉంటాయి.

"ఎడమ పక్క వదిలితేనా?" అన్నారు సర్పంచి గారు నెమ్మదిగా.

"అవునండి. ఎడమ పక్కే. ఈనిన రోజు కుడి పక్క వదిలితే తన్నింది. వెనక కుడి చన్ను ఆఖర్నే పిండుతున్నా. పెద్దమ్మ చెప్పిందంతా నిజమండి."

గెలిచాం. నేను మా అత్త చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. ఇక గేదెనీ పెయ్యనీ తోలుకుని ఆ ఊరు దాటుదామన్న తొందర నాది. మా అత్త కదలడం లేదు. కళ్ళు చిట్లించి ఏదో లెక్కేసుకుంటోంది.

"నుదుట రెండు సుళ్ళు అన్నావు గదూ?"

"అవును పెద్దమ్మా."

"ఎడం చెవిలో చీలిక."

"అవును."

"నేను చూశానే ఆ గేదెని!"

మా అత్త రెండు చేతులూ ఊపుతూ చెప్పుకుపోయింది. "క్రిస్మస్సుకి ముందు. బాపట్ల పోయే దారిలో ఆదాము అని ఒక రైతు. మందలో కలిసి వచ్చిన వరదగొడ్లు అయిదారు ఆయన దొడ్లో ఉన్నాయి. ఎవరన్నా వస్తారేమోనని మేపుతున్నాడు. ఒక్కోదాన్నీ చూసుకుంటూ పోతున్నా. దాని పక్కన వంగి పొదుగు చూస్తుంటే, నా భుజం మీద గడ్డం పెట్టింది. ఇదెక్కడి గేదే, ముక్కూ మొహం తెలియనిదాని మీద ఇంత ప్రేమ అనుకున్నా. నాది కాదని వదిలేసి వచ్చా. ఎవరిదో నాకెట్టా తెలుస్తది? ఇదిగో, ఇప్పుడు నువ్వు చెప్తే తెలిసింది."

హుమేరా అక్కడే కింద కూలబడి ఏడ్చేసింది. మా అత్త పక్కన కూర్చుని ఆ అమ్మాయి కళ్ళు తన కొంగుతో తుడిచింది. "పిల్లతల్లివి. భయపడ్డావు. దానికి ఇంత ఏడుపెందుకు? లే, లే. బస్సు పోద్ది."

"అత్తా, ముందు మన గేదెని ఇంటికి..." అన్నాను.

"మనది ఎక్కడికి పోద్దే? కట్టేసి ఉందిగా. సర్పంచి గారే చూస్తారు. ఆ అమ్మాయి గేదె ఇప్పుడు ఎనిమిది నెలల చూడి. అట్టాంటిదాన్ని ఎన్నాళ్ళు పరాయి కొట్టంలో ఉంచుతారు?"

అందరం బస్సెక్కాం, మా అత్త, హుమేరా, పిల్ల, అయాజ్, నేను. బాపట్ల ఇంకా రాకముందే దిగి, పొలాల మధ్య కిలోమీటరు నడిచాం. ఆదాము గారు తెల్ల మీసాల పెద్దాయన, పట్టుదల మనిషి. మూడు నెలలు తన గడ్డి పెట్టి మేపిన గేదెల్ని వచ్చినవాళ్ళకల్లా ఎందుకిస్తాడు? దొడ్డి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"మీదేనని ఏంటి నమ్మకం?"

హుమేరా పిల్లని నా చేతుల్లో పెట్టి, ఆయన పక్కనుంచి దొడ్లోకి నడిచింది. నాలుగో గుంజ దగ్గర ఆగింది. పిలవలేదు, చెయ్యి కూడా చాచలేదు. వంగి, పొదుగు దగ్గర గొంతుక్కూర్చుంది. గేదె తల తిప్పింది. వాసన చూసింది. మెడ చాచి, గడ్డం తీసుకొచ్చి ఆ అమ్మాయి భుజం మీద పెట్టి కళ్ళు మూసుకుంది. హుమేరా వీపు ఎగిరెగిరి పడుతోంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు నేను నిలబడ్డ చోటు నుంచి తెలియలేదు.

ఆదాము గారు తల గోక్కున్నాడు. మెత్తబడ్డాడు గానీ, పెద్దమనిషి గదా, పద్ధతి వదలడు. "సరేనమ్మా. రేపు ఇంకెవరన్నా వచ్చి అడిగితే నేను చెప్పుకోవాలి. సాక్ష్యం ఎవరు?"

"నేను" అంది మా అత్త.

"నువ్వెవరు?"

నేను నోరు తెరిచాను. నాకన్నా ముందే అయాజ్ అందుకున్నాడు. పొద్దున్నే మా అత్తని అబద్ధాలకోరు అన్న మనిషి ఒక అడుగు ముందుకేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా పెద్దమ్మండి," అన్నాడు. "గేదె సంగతి ఆవిడ చెప్పిందంటే, ఇంకొకళ్ళని అడగక్కర్లేదండి."